వేషం నేర్చినవాళ్లు: మాయాప్రవరుడి నుంచి నకిలీ కెప్టెన్ దాకా

మా హాస్టల్లో ఒక సీనియర్ అక్క ట్యాబ్ నిండా పాత అమెరికన్ కామిక్సే. పోయిన సెలవులకు ముందు ఒక సంచిక తెరిచి నా చేతికిచ్చి, "ఇది చదువు, మీ ప్రవరాఖ్యుడు గుర్తొస్తాడు" అంది. ఆమెకు ప్రబంధాలతో పరిచయం ఉందని కాదు. మన క్లబ్బులో నేను మనుచరిత్ర మీద మాట్లాడిన రోజు సమోసాల కోసం వచ్చి వెనక బెంచీలో కూర్చుంది, అంతే. కానీ ఆమె అన్నది నిజమైంది. గిద్దలూరు వెళ్లే రైల్లో ఆ కథ పూర్తిచేసేసరికి నాకు ప్రవరుడే కాదు, ఇంకా ముగ్గురు నలుగురు గుర్తొచ్చారు. చివరికి మా అవ్వ, నేను కూడా ఆ వరసలో చేరాం. ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం.

కామిక్ కథ ఏమిటి?

కెప్టెన్ అమెరికా మనకు సినిమాల వల్ల తెలుసు. ఆ పాత్రను జో సైమన్, జాక్ కిర్బీ సృష్టించారు. మొదటి సంచిక మీద ఉన్న తేదీ 1941 మార్చి. యుద్ధం అయిపోయాక ఆదరణ తగ్గి, ఆ పుస్తకం ఆగిపోయింది. 1953లో కెప్టెన్‌ని మళ్లీ తెచ్చారు. ఈసారి అతని పని కమ్యూనిస్టులను వెతికి వెతికి కొట్టడం. అదీ నడవలేదు, 1954లోనే ఆపేశారు.

తరవాత 1964లో స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి అవెంజర్స్ 4వ సంచికలో కెప్టెన్‌ని మూడోసారి తెచ్చారు. 1945లోనే మంచులో గడ్డకట్టుకుపోయాడనీ, ఇన్నాళ్లూ అందులోనే ఉన్నాడనీ కథ చెప్పారు. బాగానే ఉంది. కానీ 1945 నుంచి మంచులోనే ఉంటే, 1953లో కమ్యూనిస్టులను కొట్టినవాడు ఎవడు?

ఈ లెక్క తేలని చోటును 1972లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ అనే రచయిత పట్టుకున్నాడు. బొమ్మలు సాల్ బుస్సేమావి. 153 నుంచి 156 దాకా నాలుగు సంచికలు. వాటిలో 155వది నాకు అక్క ఇచ్చిన సంచిక. ఎంగిల్‌హార్ట్ చెప్పిన జవాబు సూటిగా ఉంటుంది: అతను వేరే మనిషి.

ఆ మనిషికి చిన్నప్పటి నుంచీ కెప్టెన్ అంటే ప్రాణం. కెప్టెన్ జీవితాన్నే పరిశోధించాడు. సూపర్ సోల్జర్ మందు తయారీ సూత్రం అతని చేతికి చిక్కింది. దాన్ని ప్రభుత్వానికి ఇస్తూ ఒకటే షరతు పెట్టాడు: నన్నే కెప్టెన్‌ని చేయండి. ముఖానికి ఆపరేషన్ చేశారు, గొంతు మార్చారు, స్టీవ్ రోజర్స్ అన్న పేరు కూడా ఇచ్చారు. ఇంతలో కొరియా యుద్ధం ముగిసింది, ఆ పథకం మూలపడింది. అతను బడిపంతులుగా చేరాడు. తనలాగే కెప్టెన్ అంటే పడిచచ్చే ఒక కుర్రాడు శిష్యుడుగా దొరికాడు. ఇద్దరూ కలిసి మందు ఎక్కించుకున్నారు. అసలు కెప్టెన్‌కి మందుతో పాటు ఒక రకం కిరణాలు కూడా ఇచ్చారు. వీళ్లు ఆ సగం వదిలేశారు. బలం వచ్చింది, మెల్లగా మతి చెడింది. తమతో ఏకీభవించని ప్రతివాడూ దేశద్రోహిలా కనిపించడం మొదలైంది. చివరికి ప్రభుత్వమే పట్టుకుని నిద్రపుచ్చింది. 1972లో ఎవరో లేపితే, నేరుగా హార్లెమ్ వెళ్లి నల్లజాతివాళ్ల మీద చేయి చేసుకున్నాడు. ఒంటిమీద అదే జెండా, అదే డాలు.

ఇక్కడ ఎంగిల్‌హార్ట్ చేసిన పని గమనించండి. 1953లో ఆ కథలు కొని చదివిన పిల్లలెవరికీ అది నకిలీ అని తెలియదు. రాసినవాళ్లకీ తెలియదు, అసలు అప్పుడు అది నకిలీ కాదు కూడా! పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల తరవాత ఒక రచయిత వెనక్కి తిరిగి, "అసలు కెప్టెన్ అలాంటి పనులు చేయడు గనక, వాడు కెప్టెన్ కాడు" అని తీర్పు చెప్పాడు. వేలిముద్ర చూడలేదు, ముఖం చూడలేదు. ఏ పని చేయడో దాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టాడు. ఈ ఒక్క మాట పట్టుకుని మన సాహిత్యంలోకి వద్దాం.

వేషం: పౌండ్రక వాసుదేవుడు

నకిలీ సూపర్ హీరో మనకు కొత్తేమీ కాదు. భాగవతం దశమ స్కంధంలో పౌండ్రకుడు ఉన్నాడు. కరూశ దేశపు రాజు. చుట్టూ ఉన్న భజనపరులు "అసలు వాసుదేవుడివి నువ్వే" అని ఎక్కించారు, ఇతను ఎక్కాడు. శంఖం, చక్రం, గద, శార్‌ఙ్గమనే విల్లు, కౌస్తుభం, వనమాల, పచ్చని పట్టుబట్ట, జెండా మీద గరుత్మంతుడు, గుండెమీద శ్రీవత్సం గుర్తు... ఏదీ వదల్లేదు. ఈ కాలంలో కాస్‌ప్లే అంటారు చూడండి, అదే. అక్కడితో ఆగినా బాగుండేది. ద్వారకకు దూతను పంపి, నా గుర్తులు నువ్వు పెట్టుకు తిరుగుతున్నావు, తీసెయ్ అని కృష్ణుడికే కబురు చేశాడు. నకిలీ వచ్చి అసలును నువ్వు నకిలీ అనడం! కృష్ణుడు యుద్ధానికి వచ్చి, రంగస్థలం మీది నటుడిలా ఉన్న ఇతన్ని చూసి నవ్వాడట. తరవాత సంగతి తెలిసిందే.

కానీ భాగవతం ఇతన్ని వట్టి వెర్రివాడుగా వదిలెయ్యలేదు. పగలూ రాత్రీ హరినే తలుచుకుంటూ, హరిలాగే ఉండాలని తపించాడు గనక చివరికి ఆ రూపమే పొందాడంటుంది. అంటే అనుకరణలో కూడా ఒక రకం భక్తి ఉందని ఒప్పుకుంది. కామిక్‌లోనూ ఇదే ఛాయ ఉంది. గెలిచిన కెప్టెన్‌కి సంతోషం ఉండదు. ఓడిపోయి పడి ఉన్నవాడిలో తన నీడ కనిపిస్తుంది.

రూపం: మాయాప్రవరుడు

పౌండ్రకుడిది పైపై వేషం. అల్లసాని పెద్దన మనుచరిత్రలో గంధర్వుడు ఇంకో మెట్టు ఎక్కాడు, రూపమే మార్చాడు.

కథ మీకు ఇంటర్‌లోనో, పదో తరగతిలోనో తగిలే ఉంటుంది. అరుణాస్పదపురంలో ప్రవరుడు. అందగాడు, నిత్యం అగ్నిహోత్రం చేసేవాడు, అతిథి వస్తే విడిచిపెట్టనివాడు. ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయాలకు ఎగిరిపోయాడు. మంచు తగిలి పసరు కరిగింది. తిరిగి వెళ్లే దారి తెలియదు. దారి అడగబోతే వరూధిని కనిపించింది. ఆమె ప్రేమించింది, బతిమాలింది, మీద పడింది. ప్రవరుడు ఆమెను తోసేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరుకున్నాడు. ప్రవరుడి గొప్పతనం అంతా ఒక్క "వద్దు"లో ఉంది.

అంతకుముందు వరూధిని కాదన్న గంధర్వుడు ఒకడున్నాడు. జరిగిందంతా తెలుసుకుని, ప్రవరుడి రూపం పెట్టుకుని వచ్చాడు. అదే ముఖం, అదే మాట, అదే వైదిక వేషం. ఏకాంతంలో కళ్లు తెరిచి తనను చూడకూడదని మాత్రం షరతు పెట్టాడు. ఈ షరతు మార్కండేయ పురాణ కథలోనిది, పెద్దన కావ్యానికి మూలం అదే. తన నకిలీ ఎక్కడ బయటపడుతుందో నకిలీకి బాగా తెలుసు.

ఇప్పుడొక ప్రశ్న. వరూధిని అప్సరస, తెలివితక్కువది కాదు. ఎందుకు మోసపోయింది? నాకు తోచిన జవాబు రెండు ముక్కలు.

ఒకటి, ఆమెకు ప్రవరుడు తెలిసింది కాసేపే. ఆ కాసేపట్లో చూసింది అతని అందం. గంధర్వుడు నేరుగా అరుణాస్పదం వెళ్లి ఆ ఇంట్లో ఒక్క రోజు ఉండి ఉంటే? తెల్లవారగట్ల లేచి నీళ్లకు వెళ్లాలి, అగ్నిహోత్రం దగ్గర కూర్చోవాలి, ఎండన పడి వచ్చిన బాటసారికి కాళ్లు కడుక్కోను నీళ్లివ్వాలి. మధ్యాహ్నానికల్లా ఇల్లాలు కనిపెట్టేసి ఉండేది.

రెండోది దీనికంటే ముఖ్యం. అసలు ప్రవరుడు ఏది కాదన్నాడో, అదే ఔనన్నందువల్లే ఈ ప్రవరుడు నకిలీ. వరూధిని ఆ క్షణంలో ఆలోచించి ఉంటే, అతను ఒప్పుకోవడమే రుజువు. కానీ మనకు కావలసిన జవాబు వస్తే ఎవరం పరీక్షించం. నకిలీ నెగ్గేది తన నేర్పు వల్ల సగం, మన కోరిక వల్ల సగం.

నకిలీకి నకిలీ ఎదురైతే

మా రాచర్ల నుంచి చూస్తే పడమటి దిక్కంతా నల్లమల. ఆ కొండలకు ఆవలి వైపు నంద్యాల. దిగువమెట్ట దాటాక రైలు అడవిలో దూరి, అటు తేలేది అక్కడే. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది ఆ నంద్యాల ఏలిన కృష్ణమరాజుకే. పక్క ఊరి పుస్తకమన్న మమకారంతో నేను దీన్ని మొదలుపెట్టాను, తల తిరిగిపోయింది.

ఇందులో కలభాషిణి అనే అమ్మాయి నలకూబరుణ్ణి ప్రేమిస్తుంది. అతను రంభ ప్రియుడు. కలభాషిణికి కోరిన రూపం తెచ్చుకునే శక్తి ఉంది గనక, రంభలాగా మారింది. అటువైపు మణికంధరుడు అనే గంధర్వుడు రంభ కోసం నలకూబరుడిలా మారి ఉన్నాడు. ఈ నకిలీ రంభ, ఆ నకిలీ నలకూబరుడు ఒకరికొకరు ఎదురయ్యారు. ఎదుటివాళ్లే అసలు అని ఇద్దరి నమ్మకం! తరవాత అసలు రంభ వచ్చి, నువ్వెవరంటే నువ్వెవరని తగాదా. దాదాపు అయిదు వందల ఏళ్ల కిందట ఇంత చిక్కుముడి అల్లినవాణ్ణి ఏ కామిక్ కంపెనీ అయినా కళ్లకద్దుకుని ఉద్యోగమిచ్చేది.

సినిమాల్లో ఇదే దారం ఇంకోలా తిరిగింది. ఎన్టీఆర్ యుగంధర్ (1979), దానికి మూలమైన హిందీ డాన్ (1978), మన ప్రభాస్ బిల్లా (2009) గుర్తు తెచ్చుకోండి. అక్కడ మంచివాడికి తర్ఫీదిచ్చి విలన్ స్థానంలో పెడతారు. తర్ఫీదిచ్చిన పోలీసు అధికారి చచ్చిపోతాడు. ఇక ఇతను ఇతనే అని చెప్పే మనిషి లోకంలో లేడు. మనం మనమని చెప్పడానికి మనమొక్కళ్లం చాలం, తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలని ఆ కథలు చెప్తాయి.

మన సబ్జెక్టు భాషలో

నెట్‌వర్క్ సెక్యూరిటీ క్లాసులో ఆథెంటికేషన్ మూడు రకాలని చదివాం. నీ దగ్గర ఉన్నది: కార్డు, ఫోను. నీకు తెలిసినది: పాస్‌వర్డు, పిన్ను. నువ్వే అయినది: వేలిముద్ర, కనుపాప, ముఖం. మన నకిలీలను ఇందులో పెట్టి చూడండి. పౌండ్రకుడు మొదటిది సంపాదించాడు, చక్రం గద అన్నీ ఉన్నాయి. గంధర్వుడు మూడోది సంపాదించాడు, ఒళ్లే మార్చాడు. కామిక్‌లో పంతులు మూడూ సంపాదించాడు: డాలు ఉంది, కెప్టెన్ చరిత్ర కంఠతా వచ్చు, ముఖమూ గొంతూ మార్చుకున్నాడు. మన సిస్టమ్ అయితే ముగ్గురినీ లోపలికి రానిచ్చేది.

ఇలా దొంగను లోపలికి రానివ్వడాన్ని ఫాల్స్ యాక్సెప్టెన్స్ అంటాం. ఇంకో తప్పు ఉంది, ఫాల్స్ రిజెక్షన్. అసలు మనిషిని నువ్వు కాదు పొమ్మనడం. గడి బిగిస్తే రెండోది పెరుగుతుంది, వదులు చేస్తే మొదటిది పెరుగుతుంది. పరీక్షలో ఈ గ్రాఫు గీసి నేను మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం మా ఇంటి అరుగు మీద తెలిసింది.

అవ్వ వేలు

సెలవుల్లో ఒకటో తారీకు. పింఛను ఇచ్చే అమ్మాయి మిషను పట్టుకుని వచ్చింది. మా వీధి చివరే వాళ్లిల్లు. అవ్వ కుడి బొటనవేలు పెట్టింది. సరిపోలలేదు. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. సరిపోలలేదు. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచెయ్యి, అన్నీ అయ్యాయి. అరవై ఏళ్లు కలుపు తీసి, మిరపకాయలు ఏరి, బూడిదతో అంట్లు తోమిన చేతులవి. గీతలు ఎక్కడున్నాయి, అరిగి నున్నగా అయిపోయాయి.

"నేను నేను కాదంటదేందే ఈ మిషను?" అంది అవ్వ. నవ్వుతూనే అంది గానీ, వేలి కొస కాస్త వణికింది.

ఆ అమ్మాయి నొచ్చుకుంది. "అవ్వా, రేపు మళ్లా వస్తాలే. ఇప్పటికి నా దగ్గరివి వాడుకో, మిషను ఒప్పుకున్నాక పట్టుకుంటా" అని తన పర్సు తీసింది.

"నీ డబ్బులు నాకెందుకమ్మా? నా వేలు నాది అన్నాకే ఇయ్యి" అని అవ్వ కొంగు దులుపుకుని లోపలికి పోయింది. మా తాత పోయినప్పటి నుంచీ అవ్వ ఎవరి దగ్గరా రూపాయి చేబదులు తీసుకోలేదు. మా వీధికంతా తెలుసు.

ఆ అమ్మాయి నావైపు చూసి, "వేరే ఎవరైనా అయితే తీసుకునేవాళ్లు. ఈమె మీ అవ్వేనని ఇంకేం రుజువు కావాలి?" అంది.

నేనక్కడే ఆగిపోయాను. రైల్లో చదివిన కామిక్‌లో ఎంగిల్‌హార్ట్ ఇచ్చిన తీర్పు, మా అరుగు మీద ఆ అమ్మాయి ఇచ్చిన తీర్పు ఒకటే. ఏది చేయడో దాన్ని బట్టి మనిషి. మూడో రోజు ఎడమచేతి చిటికెనవేలు పడింది. అవ్వ డబ్బులు లెక్కపెట్టి, చిటికెనవేలి వైపు చూసి, "ఇన్నాళ్లకు పనికొచ్చినావు" అంది.

ఇక నా సంగతి

అవ్వను మిషను కాదన్న నెలకు ముందే, నన్ను ఒక పరీక్ష ఔనంది. ప్లేస్‌మెంట్ శిక్షణలో మాక్ ఇంటర్వ్యూ. ఒక సీనియర్ రాసుకున్న సెల్ఫ్ ఇంట్రడక్షన్ వాట్సాప్‌లో తిరుగుతుంటే బట్టీ పట్టాను. అందులో హాబీ స్విమ్మింగ్ అని ఉంది, నేనూ స్విమ్మింగ్ అన్నాను. మా ఊరి బావిలో మెట్టు దిగాలన్నా నాకు భయం. "మీదే ఊరు?" అంటే "ఒంగోలు దగ్గర" అన్నాను. ఒంగోలుకూ మా రాచర్లకూ మధ్య చాలా దూరం ఉంది. గిద్దలూరు అన్నా తెలియదేమోనని, మా యాస బయటపడుతుందేమోనని భయం. పదికి ఎనిమిది వేశారు. స్విమ్మింగ్ గురించి ఒక్క ప్రశ్న రాలేదు.

అప్పుడు ఎగిరి గంతేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఎనిమిది మార్కులు నావి కావు. నేను ఒక మంచి అభ్యర్థి వేషానికి తర్ఫీదు పొందాను, వేషం పాసయింది. నాలాగే మా బ్యాచిలో చాలామంది అదే పేరా చెప్పారు. నకిలీ నలకూబరుడికి నకిలీ రంభ ఎదురైనట్టు, ఒకరి ఇంట్రడక్షన్ ఒకరం విని "భలే చెప్పావే" అనుకున్నాం.

అనుకరించడం తప్పని నేననను. పౌండ్రకుడి విషయంలో భాగవతమే అనలేదు. పెద్దవాళ్ల అక్షరాలు దిద్దే మనమంతా రాత నేర్చుకున్నాం. సీనియర్ దగ్గర వాక్యం నేర్చుకోవచ్చు, ధైర్యం నేర్చుకోవచ్చు. కామిక్‌లో పంతులు తప్పు కెప్టెన్‌లా ఉండాలనుకోవడం కాదు. కంటికి కనబడే సగం తీసుకుని, కనబడని సగం వదిలేశాడు. కథలో దాన్ని కిరణాలన్నారు. ప్రవరుడి దగ్గర అది ఒక "వద్దు". మా అవ్వ దగ్గర, తీసుకోని ఒక చేబదులు.

అందుకని సెలవుల నుంచి వచ్చాక నా ఇంట్రడక్షన్ మళ్లీ రాసుకున్నాను. మొదటి వాక్యం: మాది రాచర్ల, గిద్దలూరు పక్కన, నల్లమలలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి మా మండలంలోదే. హాబీ దగ్గర పాత పద్యకావ్యాలు చదవడం అని రాశాను. రెండో మాక్ ఇంటర్వ్యూలో పదికి ఆరు వచ్చాయి. కావ్యం అంటే ఏమిటని అడిగితే తడబడ్డాను గనక ఆ ఆరు న్యాయమే. కానీ అవి నావి.

చదవాలనుకునేవారికి

మనుచరిత్ర మొత్తం ఒక్కసారే వద్దు. ప్రవరుడు ఇల్లు కదిలిన దగ్గర నుంచి మాయాప్రవరుడు వచ్చేదాకా, వ్యాఖ్యానం ఉన్న ప్రతి పెట్టుకుని చదవండి. కళాపూర్ణోదయానికి ముందు ఎవరి రూపంలో ఎవరున్నారో కాగితం మీద డయాగ్రమ్ గీసుకోండి, లేకపోతే మనవల్ల కాదు. చదువుతూ ప్రతి పాత్ర దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి ఎన్నటికీ చేయని పని ఏది? వచ్చే సమావేశంలో మీ జవాబులు వింటాను. సమోసాలు కూడా ఉంటాయని అక్కకు చెప్పాను, వెనక బెంచీ ఆమెదే.